తొలి కాంట్రాక్టుకు ముందు అనుభవం ఎక్కడి నుంచి తేవాలి?

టెండరు ఫారంలో ఒక పట్టిక ఉంటుంది. గత ఐదేళ్ళలో మీ సంస్థ ప్రధాన కాంట్రాక్టరుగా పూర్తిచేసిన మూడు పనుల వివరాలు రాయమంటుంది. పని పేరు, విలువ, మొదలైన తేదీ, ముగిసిన తేదీ, ఆ పని చేయించిన ఇంజినీరు ఫోన్ నంబరు. ఇరవై ఏళ్ళు కాంక్రీటు పనుల్లో ఫోర్‌మన్‌గా చేసి, మూడేళ్ళ కిందట సొంత కంపెనీ పెట్టుకున్న మనిషి సరిగ్గా ఆ పట్టిక దగ్గర ఆగిపోతాడు. వంతెన స్తంభాలకు పునాదులు పోయించాడు. అర్ధరాత్రి పంపు మొరాయిస్తే, పోత మధ్యలో ఆగకుండా పనిని గట్టెక్కించాడు. అవన్నీ వేరే కంపెనీ ఖాతాలో ఉన్నాయి. తన కంపెనీ పేరు మీద ఒక్క వరుస కూడా నిండదు.

పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు, పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు అన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. అనుభవం ఉంటే గాని పని ఇవ్వరు, పని ఇస్తే గాని అనుభవం రాదు. అమెరికాలో రోడ్లు వేయించే రాష్ట్ర రవాణా శాఖలు, రైళ్ళూ బస్సులూ నడిపే సంస్థలు, పోర్టులు, స్కూలు భవనాలు కట్టించే అథారిటీలు ఈ ముడి విప్పడానికి దశాబ్దాలుగా పట్టుకున్న దారి పేరు మెంటర్‌షిప్. కొన్నిచోట్ల ఇవి ఎవరికి వారు కాకుండా, చేతులు కలిపి ఒకే కార్యక్రమం నడుపుతున్నాయి.

పైకి చూస్తే ఇది పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకు నాలుగు మంచి మాటలు చెప్పే ఏర్పాటులా కనిపిస్తుంది. లోపలికి వెళ్తే బాండ్లు, బిల్లులు, ఆడిట్లు, కోర్టు తీర్పులు అన్నీ చుట్టుకుని ఉంటాయి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇందులో సలహాల వంతు చాలా తక్కువ. చిన్న సంస్థ చేసిన పని ఆ టెండరు పట్టికలో రాసుకోగల అనుభవంగా మారిందా లేదా అన్నదే అసలు సంగతి. ఆ అనుభవాన్ని ఒక ప్రభుత్వ సంస్థ లెక్కలోకి తీసుకుని, పక్క సంస్థ పట్టించుకోకపోతే, పడిన శ్రమలో సగం నీళ్ళపాలే.

ఒకే పేరు, మూడు వేరువేరు ఏర్పాట్లు

మెంటర్‌షిప్ అనే ఒక్క మాట కింద మూడు రకాల ఏర్పాట్లు నడుస్తున్నాయి. తేడా తెలియకుండా చేరినవాళ్ళు ఒకదాని నుంచి ఆశించాల్సింది ఇంకోదాని నుంచి ఆశించి నిరాశపడతారు.

మొదటిది ఫెడరల్ ప్రభుత్వానిది, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వానిది. చిన్న వ్యాపారాల కోసం 1953లో ఏర్పడిన స్మాల్ బిజినెస్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎస్‌బీఏ, దీన్ని నడుపుతుంది. ఒక పెద్ద కంపెనీ, ఒక చిన్న కంపెనీ ఒప్పందం రాసుకుని ఎస్‌బీఏ ఆమోదం తీసుకుంటాయి. పెద్దదాన్ని మెంటర్ అంటారు, చిన్నదాన్ని ప్రొటెజే అంటారు. ఒప్పందం ఆరేళ్ళ వరకు సాగవచ్చు. ఒక మెంటర్ ఒకే సమయంలో ముగ్గురు ప్రొటెజేలకు మించి పెట్టుకోకూడదు. ప్రొటెజేకు కంపెనీ జీవితం మొత్తంలో ఇద్దరే మెంటర్లు.

ఇందులో ఉన్న బలం సలహాలో లేదు, జాయింట్ వెంచర్‌లో ఉంది. మామూలుగా అయితే పెద్ద కంపెనీతో మరీ దగ్గరగా మెలిగిన చిన్న కంపెనీని, రెండూ ఒకటే అని లెక్కగట్టి, చిన్న సంస్థల జాబితా నుంచి తీసేస్తారు. ఎస్‌బీఏ ఆమోదించిన ఒప్పందం ఉంటే ఆ గండం ఉండదు. ఇద్దరూ కలిసి, చిన్న సంస్థలకే కేటాయించిన కాంట్రాక్టుకు టెండరు వేయవచ్చు. అయితే జాయింట్ వెంచర్ భాగస్వాములు చేసే పనిలో కనీసం 40 శాతం ప్రొటెజేనే చేయాలి. మెంటర్ కావాలంటే ప్రొటెజే కంపెనీలో 40 శాతం దాకా వాటా కూడా కొనవచ్చు.

ఇక్కడ 'చిన్న' అన్న మాట దగ్గర కాస్త ఆగాలి. భవన నిర్మాణంలో ఐదేళ్ళ సగటు వార్షిక ఆదాయం 4.5 కోట్ల డాలర్లు దాటకపోతే ఎస్‌బీఏ లెక్కలో అది చిన్న సంస్థే. ఇంజినీరింగ్ సేవల్లో ఈ హద్దు 2.55 కోట్లు, ఆర్కిటెక్చర్‌లో 1.25 కోట్లు. అంటే ముగ్గురు మనుషులు, ఒక ట్రక్కు ఉన్న కంపెనీ, రెండువందల మంది ఉద్యోగులున్న కంపెనీ ఒకే జాబితాలో నిలబడి పోటీ పడవచ్చు. 'చిన్న సంస్థలకు ఇన్ని కోట్ల పనులు ఇచ్చాం' అనే ప్రకటన చదివినప్పుడల్లా, ఆ చిన్నలో ఎంత చిన్న అని అడగాలి. స్థానిక సంస్థలు విడిగా మెంటర్‌షిప్ పెట్టుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే. ఫెడరల్ ఏర్పాటు ఇప్పటికే కాస్త ఎదిగిన కంపెనీకి బాగా పనికొస్తుంది. మొదటి మెట్టు మీద ఉన్నవాడికి దానికంటే ముందు ఇంకేదో కావాలి.

ఆ లోటు తీర్చేది రెండో రకం. న్యూయార్క్ నగరంలో స్కూలు భవనాలు కట్టించే స్కూల్ కన్‌స్ట్రక్షన్ అథారిటీ, అక్కడి రైళ్ళూ బస్సులూ నడిపే ఎమ్‌టీఏ ఈ దారి పట్టాయి. ఎమ్‌టీఏ తన కార్యక్రమాన్ని 2010లో మొదలుపెట్టింది. ఇందులో పెద్ద కంపెనీ చేయి పట్టుకోవాల్సిన పని లేదు. ప్రభుత్వ సంస్థే తన పనుల్లో కొన్ని చిన్నవాటిని విడదీసి, కార్యక్రమంలో ఉన్న సంస్థల మధ్యే టెండర్లు పిలుస్తుంది. గెలిచిన సంస్థ ప్రధాన కాంట్రాక్టరే, సబ్‌కాంట్రాక్టరు కాదు. దాని పక్కన ఒక కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ సంస్థ ఉండి, షెడ్యూలు ఎలా వేయాలి, పని మధ్యలో మారితే మార్పు ఆర్డర్లు ఎలా రాయాలి, బిల్లు ఎలా పెట్టాలి అన్నవి సైటు మీదే నేర్పుతుంది. దానికి డబ్బు ప్రభుత్వ సంస్థే ఇస్తుంది. ఒక మెట్టు దాటిన సంస్థ ఇంకాస్త పెద్ద పనుల మెట్టుకు వెళ్తుంది. నిజం చెప్పాలంటే మూడింటిలో నాకు ఎక్కువ నమ్మకం ఉన్నది దీని మీదే. పాఠం చివర పని దొరకడం కాదు, పనే పాఠం.

మూడోది కన్సల్టింగ్ వైపుది. కాలిఫోర్నియా రవాణా శాఖ, అంటే కాల్‌ట్రాన్స్, నడిపే కాల్‌మెంటర్ దీనికి మంచి ఉదాహరణ. చిన్న ఆర్కిటెక్చర్, ఇంజినీరింగ్ సంస్థలను పెద్దవాటితో జత కలుపుతుంది. చేరడం స్వచ్ఛందం. జత కుదిరినంత మాత్రాన పని ఇస్తామన్న హామీ ఉండదు.

ఈ ఆలోచన ఎక్కడిది?

అట్లాంటా కథ చెప్పకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. 1974లో మేయరు పదవి చేపట్టిన మేనార్డ్ జాక్సన్ ఆ నగరానికి తొలి నల్లజాతి మేయరు. విమానాశ్రయం కొత్త టెర్మినల్ పనుల్లో నాలుగో వంతు మైనారిటీ సంస్థలకు దక్కాల్సిందే అని ఆయన పట్టుబట్టాడు. అంత పెద్ద పని ఒంటరిగా మోయగల నల్లజాతి సంస్థలు లేవన్నది ఎదురైన అభ్యంతరం. అంతకుముందు వాళ్ళకు పని ఇచ్చినవాళ్ళే లేనప్పుడు ఎక్కడి నుంచి వస్తాయి? దానికి దొరికిన జవాబు జాయింట్ వెంచర్. పెద్ద కంపెనీ పక్కన చిన్న కంపెనీ భాగస్వామిగా నిలబడింది. టెర్మినల్ 1980 సెప్టెంబరులో తెరుచుకుంది.

తర్వాత రక్షణ శాఖ 1990 నాటి చట్టంతో తన మెంటర్-ప్రొటెజే కార్యక్రమం పెట్టింది. ఎస్‌బీఏ 1998లో కొన్ని సంస్థలకే మొదలుపెట్టి, 2016లో చిన్న సంస్థలన్నిటికీ తెరిచి, 2020లో రెండింటినీ కలిపేసింది.

బాండు అనే అసలు గడప

పట్టిక తర్వాత ఎదురయ్యే అడ్డంకి బాండు, అంటే కాంట్రాక్టరు తరఫున ష్యూరిటీ కంపెనీ రాసిచ్చే పూచీ పత్రం. మిల్లర్ చట్టం అని 1935లో వచ్చింది. ఫెడరల్ నిర్మాణ పని విలువ లక్షన్నర డాలర్లు దాటితే కాంట్రాక్టరు రెండు బాండ్లు ఇవ్వాలి. పని పూర్తిచేస్తానని ఒకటి, కూలీలకూ సరుకు ఇచ్చినవాళ్ళకూ డబ్బు ఎగ్గొట్టనని ఇంకొకటి. రాష్ట్రాలకూ ఇలాంటి చట్టాలే ఉన్నాయి.

చాలామంది బాండును ఇన్సూరెన్స్ అనుకుంటారు. తప్పు. ఇన్సూరెన్స్ కంపెనీ నష్టం భరిస్తే మళ్ళీ మన దగ్గరికి రాదు. బాండు ఇచ్చిన ష్యూరిటీ కంపెనీ నష్టం కడితే, ఆ మొత్తం మొత్తాన్నీ కాంట్రాక్టరు నుంచి రాబట్టుకుంటుంది. అందుకే బాండు ఒప్పందం మీద కంపెనీ సంతకంతో సరిపెట్టరు. యజమాని సొంత హామీ అడుగుతారు, చాలాసార్లు జీవిత భాగస్వామి సంతకం కూడా. పని చెడితే కంపెనీతో పాటు ఇల్లూ చిక్కులో పడుతుంది. ఆ కాగితం ముందు కూర్చున్న ఆలుమగల టెన్షన్ మెంటర్‌షిప్ పాఠాల్లో ఎక్కడా రాసి ఉండదు. దాన్ని అర్థం చేసుకున్న మెంటరే నిజంగా పనికొస్తాడు.

ష్యూరిటీ కంపెనీ చూసేవి మూడు: మనిషి నడత, పని చేయగల సత్తా, చేతిలో డబ్బు. మూడోదాన్ని తూచడానికి ఆ రంగంలో ఒక మోటు లెక్క వాడుకలో ఉంది. చేతిలో ఆడే డబ్బుకు, అంటే అప్పటికప్పుడు తీర్చాల్సిన బాకీలు పోగా మిగిలే డబ్బుకు, పది రెట్ల దాకా పని చేయనిస్తారు. ఒక సంస్థ దగ్గర అలా 40,000 డాలర్లు ఉన్నాయనుకుందాం. నాలుగు లక్షల పని దాకా బాండు దొరకవచ్చు. స్కూలు బాత్రూముల మరమ్మతు పని ఆరు లక్షలకు వచ్చిందంటే, చేయడం బాగా తెలిసి ఉన్నా, దాన్ని వదులుకోవాల్సిందే.

ఇక్కడే ప్రభుత్వం ఒక చేయి వేస్తుంది. ష్యూరిటీ కంపెనీకి నష్టం వస్తే అందులో 80 నుంచి 90 శాతం తాను భరిస్తానని ఎస్‌బీఏ హామీ ఇస్తుంది. 2024లో ఈ హామీ పరిమితిని 90 లక్షల డాలర్ల కాంట్రాక్టు దాకా పెంచారు. ఐదు లక్షల లోపు పనులకు కాగితాల భారం తగ్గించిన చిన్న దరఖాస్తు కూడా ఉంది. చిన్న కాంట్రాక్టర్లు చాలామందికి ఇలాంటిది ఉందనే తెలియదు. మొదటి సమావేశంలోనే ఈ సంగతి చెప్పి, బాండు ఏజెంటుతో కూర్చోబెట్టని మెంటర్‌షిప్ నెలల తరబడి నడిచినా దండగే.

దానికి ముందు లెక్కల పుస్తకం సరిగ్గా ఉండాలి. డబ్బు వచ్చినప్పుడు జమ, పోయినప్పుడు ఖర్చు అని రాసుకునే పద్ధతి ష్యూరిటీ కంపెనీకి సరిపోదు. జరుగుతున్న ప్రతి పనికీ ఒక వరుస ఉండాలి: కాంట్రాక్టు విలువ ఎంత, ఇప్పటిదాకా అయిన ఖర్చెంత, ఇంకా ఎంత అవుతుంది, పని ఎంత శాతం అయింది, బిల్లు ఎంత శాతానికి పెట్టారు. పని సగం అయ్యి, బిల్లు ముప్ఫై శాతానికే పెట్టి ఉంటే, ఆ ఇరవై శాతం డబ్బు మన జేబులోంచే పెడుతున్నట్టు. ఈ ఒక్క పట్టిక నెలనెలా రాయడం అలవాటు చేస్తే చాలు, ఏడాది మెంటర్‌షిప్‌కు ఫలితం దక్కినట్టే అంటాను.

శుక్రవారం జీతాలు, రెండు నెలలకు చెక్కు

ఇప్పుడు ఒక పనిని దగ్గరి నుంచి చూద్దాం. అంకెలు నేను వేసుకున్నవే, తీరు మాత్రం ఎక్కడైనా ఇంతే. మార్చి 1న పని మొదలైంది. కూలీలకు వారానికి 12,000 డాలర్ల జీతాలు, ప్రతి శుక్రవారం ఇచ్చి తీరాలి. ఫెడరల్ డబ్బుతో నడిచే పని అయితే 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం ప్రకారం ఆ ప్రాంతంలో నిర్ణయించిన కూలీ రేటు ఇవ్వాలి, ఎవరికి ఎన్ని గంటలకు ఎంత ఇచ్చారో వారం వారం సంతకం చేసిన పట్టీ సమర్పించాలి. నెలాఖరున 1,50,000 డాలర్ల బిల్లు పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి, టైల్స్ పని మీరు రాసినంత కాలేదు, మూడో అంతస్తు తగ్గించి రాయండి అన్నాడు. ఒక వారపు కూలీ పట్టీ లేదని ఇంకెవరో అన్నారు. సరిచేసిన బిల్లు ఏప్రిల్ 10న లోపలికి వెళ్ళింది. 30 రోజులకు మే 10న చెక్కు వచ్చింది, అందులోనూ 5 శాతం పట్టి ఉంచుకున్నారు.

మార్చి 1 నుంచి మే 10 దాకా పది శుక్రవారాలు గడిచాయి. జీతాలకే 1,20,000 డాలర్లు పోయాయి. సరుకు బాకీ వేరు. ఆ సంస్థ చేతిలో ఉన్నది 40,000. పని లాభంలోనే ఉంది, కంపెనీ మాత్రం మునిగిపోయేలా ఉంది.

అందుకే బిల్లు మొదటిసారే తిప్పి పంపకుండా ఎలా పెట్టాలో నేర్పడం పెద్ద పెద్ద వ్యాపార పాఠాలకంటే విలువైనది. నెలాఖరుకు ఐదు రోజుల ముందే ఇన్‌స్పెక్టరుతో కలిసి సైటంతా తిరిగి, శాతాలు పెన్సిలుతో రాసుకుని ఒప్పుకోవడం. కూలీ పట్టీలు ఏ వారానివి ఆ వారమే ఇచ్చేయడం. ఎవరూ చెప్పకపోతే ఈ చిన్న అలవాట్లు ఒక పని పాడయ్యాకే తెలుస్తాయి.

నేర్చుకోవాల్సింది చిన్న సంస్థ ఒక్కటే కాదు. మెంటర్‌షిప్ పెట్టిన ప్రభుత్వ సంస్థే బిల్లు ఆలస్యం చేస్తుంటే ఆ కార్యక్రమానికి అర్థం లేదు. ఫెడరల్ నిర్మాణ పనుల్లో సరైన బిల్లు అందిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి, ప్రధాన కాంట్రాక్టరు అది చేతికి అందిన ఏడు రోజుల్లో సబ్‌కాంట్రాక్టర్లకు చెల్లించాలి. ఫెడరల్ రవాణా శాఖ డబ్బుతో రాష్ట్రాలు, నగరాలు చేయించే పనుల్లో సబ్‌కాంట్రాక్టరుకు ఈ గడువు ఎక్కువలో ఎక్కువ 30 రోజులు. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉంది. మెంటర్‌షిప్ నడిపే సంస్థలు కలిసి కూర్చున్నప్పుడు, మన దగ్గర బిల్లు సగటున ఎన్ని రోజులు పడుతోంది అని ఒకరి ముందు ఒకరు లెక్క చెప్పుకుంటే, అది వంద క్లాసుల పెట్టు.

కన్సల్టింగ్ దారి వేరు

నిర్మాణ సంస్థలనూ కన్సల్టింగ్ సంస్థలనూ ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకే పాఠం చెప్పడం నేను చూసిన కార్యక్రమ వివరాల్లో తరచుగా కనిపించే పొరపాటు. ఇంజినీరు, ఆర్కిటెక్టు, సర్వేయరు సంస్థలకు మిల్లర్ చట్టం బాండు అవసరం లేదు. టెండరులో తక్కువ రేటు వేసి గెలవడం కూడా ఉండదు. 1972 నాటి బ్రూక్స్ చట్టం ప్రకారం ఫెడరల్ సంస్థలు డిజైన్ సేవలకు ముందు అర్హత చూసి ఒకరిని ఎంచుకుని, ఆ తర్వాతే ఫీజు మాట్లాడతాయి. రాష్ట్రాలు చాలావరకు ఇదే బాట పట్టాయి.

ఎంపిక కోసం ఫెడరల్ ప్రభుత్వం వాడే ఫారం పేరు ఎస్‌ఎఫ్ 330. అందులో సంస్థ చేసిన పది పనులు చూపాలి. పనిచేయబోయే ముఖ్యుల వివరాలు విడిగా రాయాలి. ఆ తర్వాత ఒక గళ్ళ పట్టిక వస్తుంది: అడ్డంగా పనులు, నిలువుగా మనుషులు, ఎవరు ఏ పనిలో ఉన్నారో అక్కడ ఒక గుర్తు. మొదట చెప్పిన కాంక్రీటు ఫోర్‌మన్‌కు దొరకని వెసులుబాటు ఇక్కడ కాస్త దొరుకుతుంది. పాత కంపెనీలో చేసిన పని ఆ మనిషి వివరాల్లోకి వస్తుంది. అయినా గళ్ళు ఖాళీగా ఉంటే, వీళ్ళు ఎప్పుడూ ఒక టీమ్‌గా కలిసి పనిచేయలేదని చూసేవాళ్ళకు ఇట్టే తెలిసిపోతుంది. పెద్ద సంస్థ పక్కన సబ్‌కన్సల్టెంటుగా రెండు మూడు పనులు చేస్తే ఆ గళ్ళు నిండుతాయి. కన్సల్టింగ్ మెంటర్‌షిప్‌లో నిజంగా చేతికి వచ్చే ఆస్తి అదే.

ఇంకో చిక్కు ఓవర్‌హెడ్ రేటు. ఒక ఇంజినీరు జీతం గంటకు 50 డాలర్లు అనుకుందాం. ఆఫీసు అద్దె, సాఫ్ట్‌వేర్, సెలవులు, ఇన్సూరెన్స్, ప్రపోజళ్ళు రాసే సమయం, ఇవన్నీ కలిపి జీతానికి 120 శాతం అని నిరూపించగలిగితే ఖర్చు 110 అవుతుంది. మీద పది శాతం ఫీజు వేస్తే గంటకు 121. నిరూపించలేకపోతే అంతకంటే తక్కువకు ఒప్పుకోవాలి. నిరూపణ అంటే ఫెడరల్ కొనుగోలు నియమాల ప్రకారం తయారైన లెక్క. దానికి ఆధారం టైమ్‌షీట్లు. యజమాని తన గంటల్లో ఎన్ని ప్రాజెక్టు మీద, ఎన్ని ప్రపోజళ్ళ మీద పోయాయో రోజూ రాసి ఉండాలి. ఇద్దరే ఉన్న సంస్థలో యజమాని తన టైమ్‌షీటు తానే రాసుకోవడం వింతగా అనిపించి మానేస్తాడు. రెండేళ్ళ తర్వాత ఆడిటరు ముందు కూర్చున్నప్పుడు ఆ గంటలు ఎక్కడా ఉండవు. మెంటర్‌గా వచ్చిన పెద్ద సంస్థ తన ప్రాజెక్టు మేనేజర్లతో పాటు అకౌంటెంటును కూడా పంపితే ఎంత మేలో ఇక్కడ తెలుస్తుంది.

పెద్ద కంపెనీకి ఏం లాభం?

రేపు పోటీకి వచ్చేవాణ్ణి ఈ రోజు పెంచడం ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. కారణాలు కార్యక్రమాన్ని బట్టి మారతాయి. ఎస్‌బీఏ దారిలో మెంటరుకు తనకు తలుపు మూసి ఉన్న కాంట్రాక్టుల్లో వాటా దొరుకుతుంది. రక్షణ శాఖ కొన్ని ఒప్పందాల్లో నేర్పిన ఖర్చు తిరిగి ఇస్తుంది. రవాణా శాఖ పనుల్లో వెనకబడిన వర్గాల సంస్థలకు ఇంత శాతం ఇవ్వాలన్న లక్ష్యం ఉన్నచోట, ప్రొటెజేకు ఇచ్చిన పని ఆ లక్ష్యంలోకి వస్తుంది.

లాభం ఉన్నచోట ఎర కూడా ఉంటుంది. పేరుకు చిన్న సంస్థను ముందు పెట్టి, మనుషులూ యంత్రాలూ నిర్ణయాలూ అన్నీ పెద్ద సంస్థవే అయిన కేసులు ఈ రంగానికి కొత్త కాదు. అందుకే రవాణా శాఖ నియమాలు రెండు కంచెలు వేశాయి. మెంటర్ తన ప్రొటెజేకే పని ఇచ్చి లక్ష్యంలో సగానికి మించి చూపించుకోకూడదు, ప్రొటెజే చేసే ప్రతి రెండు కాంట్రాక్టుల్లో ఒకదానికి మించి అలా చూపించుకోకూడదు. పైగా చిన్న సంస్థ తన కాంట్రాక్టు విలువలో కనీసం 30 శాతం పని సొంత మనుషులతో చేయకపోతే, అది నిజంగా పనిచేయడం లేదనే అనుకుంటారు. కాదని నిరూపించే బాధ్యత ఆ సంస్థదే.

ప్రభుత్వ సంస్థలు ఎందుకు కలవాలి?

ఒక్కో సంస్థ విడిగా కార్యక్రమం పెట్టుకుంటే వచ్చే ఇబ్బంది చిన్న కంపెనీ వైపు నుంచి చూస్తేనే కనిపిస్తుంది. పోర్టు దగ్గర ఒక రిజిస్ట్రేషన్, నగరం దగ్గర ఇంకొకటి. ఒకరికి ఇన్సూరెన్స్ పరిమితి ఇంత, ఇంకొకరికి అంత. ఒకరి బిల్లు ఫారం ఇంకొకరికి పనికిరాదు. పైగా ఒక్క సంస్థ దగ్గర ఏటా వచ్చే చిన్న పనులు కొన్నే. పాఠం పూర్తిచేసిన సంస్థ తర్వాతి పని కోసం ఏడాదిన్నర ఎదురుచూస్తే, ఈలోపు నేర్పిన మనుషులు వేరే చోటికి వెళ్ళిపోతారు. నలుగురు కలిస్తే ఒకరి దగ్గర పని అయిపోయేసరికి ఇంకొకరి దగ్గర టెండరు తెరిచి ఉంటుంది.

ఇలా కలవడానికి ఒక పాత నమూనా ఉంది. ఫెడరల్ రవాణా శాఖ 1999 నియమాలతో ప్రతి రాష్ట్రంలోనూ ఆ శాఖ డబ్బు తీసుకునే సంస్థలన్నీ కలిసి, వెనకబడిన వర్గాల సంస్థలను గుర్తించే ఒకే సర్టిఫికేషన్ వ్యవస్థ పెట్టుకోవాలంది. విమానాశ్రయం ఇచ్చిన సర్టిఫికెట్ హైవే పనికీ, బస్సు డిపో పనికీ చెల్లుతుంది. సర్టిఫికెట్ విషయంలో సాధ్యమైంది అనుభవం విషయంలో ఎందుకు కాకూడదు? రవాణా సంస్థ పర్యవేక్షణలో ఒక కంపెనీ మూడు లక్షల పని సకాలంలో చేసిందని సంతకం ఉంటే, పక్కనున్న పోర్టు తన అర్హత పట్టికలో దాన్ని ఒక వరుసగా ఒప్పుకోవాలి. కలిసి నడిపే కార్యక్రమం ఒప్పంద పత్రంలో ఈ ఒక్క వాక్యం ఉందా అన్నది నేను మొదట వెతుకుతాను. ఉమ్మడి శిక్షణ, ఉమ్మడి లోగో దాని తర్వాతే.

ఫెడరల్ వైపు ఈ దిశలో ఒక అడుగు పడింది. 2022 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చిన ఎస్‌బీఏ నియమం ప్రకారం చిన్న సంస్థ జాయింట్ వెంచర్‌లో చేసిన పనిని తన అనుభవంగా చూపించుకోవచ్చు. కొన్ని పెద్ద కాంట్రాక్టుల కింద మొదటి శ్రేణి సబ్‌కాంట్రాక్టరుగా చేసినవాళ్ళు ప్రధాన కాంట్రాక్టరును రేటింగ్ అడగవచ్చు, అడిగిన 15 రోజుల్లో ఇవ్వాలి. నినాదాలు ఎన్ని ఉన్నా, మొదట చెప్పిన ఖాళీ పట్టికను నింపేవి ఇలాంటి నియమాలే.

కలిసి నడిపేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. మెంటర్‌షిప్‌లో చిన్న సంస్థకు సాయపడిన ఉద్యోగి అదే సంస్థ వేసిన టెండరును తూచే కమిటీలో ఉండకూడదు. బయటికి రాని పనుల వివరాలు మెంటర్ల సమావేశంలో జారిపోకూడదు. ఈ గోడ ముందే కట్టకపోతే, ఓడిపోయిన ఒక్క కంపెనీ ఫిర్యాదుతో కార్యక్రమం మొత్తం ఆగిపోతుంది.

కోర్టుల నీడ

ఈ కార్యక్రమాలు ఎవరి కోసం అన్న ప్రశ్న అమెరికా కోర్టుల్లో చాలాసార్లు నలిగింది. రిచ్‌మండ్ నగరం తన నిర్మాణ కాంట్రాక్టుల్లో 30 శాతం మైనారిటీ సంస్థలకు వెళ్ళాలని పెట్టిన నియమాన్ని సుప్రీంకోర్టు 1989లో క్రోసన్ కేసులో కొట్టేసింది. జాతి ఆధారంగా ప్రాధాన్యం ఇస్తే దానికి చాలా గట్టి కారణం చూపాలన్న ఆ తీర్పులోని కఠిన పరీక్షను 1995లో అడరాండ్ కేసు ఫెడరల్ కార్యక్రమాలకూ వర్తింపజేసింది. కాలిఫోర్నియా ఓటర్లు 1996లో, వాషింగ్టన్ రాష్ట్ర ఓటర్లు 1998లో ప్రభుత్వ కాంట్రాక్టుల్లో జాతి, లింగం ఆధారంగా ప్రాధాన్యం ఇవ్వడాన్ని నిషేధించారు. 2025 అక్టోబరులో ఫెడరల్ రవాణా శాఖ కూడా తన నియమాల్లోంచి జాతి, లింగం ఆధారంగా వెనకబాటును ముందే అనుకునే పద్ధతిని తీసేసింది. ప్రతి సంస్థా తన వెనకబాటును విడిగా నిరూపించుకోవాలంది.

దీని ప్రభావం మెంటర్‌షిప్ మీద సూటిగా ఉంది. సంస్థ పరిమాణాన్ని బట్టి నడిచే కార్యక్రమాలు చట్టం ముందు గట్టిగా నిలబడతాయి కాబట్టి కొత్తవి ఆ వైపు మొగ్గుతున్నాయి. కానీ అట్లాంటాలో ఈ ఆలోచన ఎందుకు మొదలైందో మర్చిపోకూడదు. తరాల తరబడి బ్యాంకు అప్పు, బాండు, పరిచయాలు దొరకని వర్గాల నుంచి వచ్చినవాళ్ళు ఈ చిన్న సంస్థల్లో ఇప్పటికీ ఉన్నారు. పరిమాణం పేరుతో తలుపు తీసినా, వాళ్ళు ఆ తలుపు దాకా వస్తున్నారో లేదో చూసే బాధ్యత కార్యక్రమం నడిపేవాళ్ళదే.

చేరే ముందు అడగాల్సినవి

ఎంతమంది చేరారు, ఎన్ని క్లాసులు జరిగాయి అన్న అంకెలు నన్ను కదిలించవు. కార్యక్రమం పూర్తిచేసిన సంస్థ రెండేళ్ళ లోపు ఒంటరిగా ప్రధాన కాంట్రాక్టు గెలిచిందా, ప్రభుత్వ హామీ లేకుండా మొదటి బాండు ఎప్పుడు తెచ్చుకుంది, ఐదేళ్ళ తర్వాత ఇంకా నడుస్తోందా, ఇవి చెప్పగలిగితే ఆ కార్యక్రమాన్ని నమ్ముతాను. చేరాలనుకునే యజమాని కూడా మొదటి రోజే మొహమాటం లేకుండా అడగాలి. నా మెంటర్‌గా వచ్చే మనిషి ఎవరు, నెలకు ఎన్ని గంటలు ఇస్తాడు, అతను ఉద్యోగం మారితే ఎవరొస్తారు? చివర టెండరు వేయడానికి నిజంగా పనులు ఉన్నాయా? ఇక్కడ చేసిన పనిని కార్యక్రమంలో ఉన్న మిగతా సంస్థలు అనుభవంగా ఒప్పుకుంటాయా? ఒప్పుకుంటాయంటే అది ఎక్కడ రాసి ఉంది?

చేరాక చేయాల్సిన పని ఒకటుంది. చివరి తనిఖీ అయిన రోజునే కాంట్రాక్టు విలువ, పని వివరం, తేదీలు, సకాలంలో పూర్తయిందన్న మాట రాసిన కాగితం మీద ఆ ఇంజినీరు సంతకం తీసుకోవాలి. పట్టికలో ఫోన్ నంబరు అడుగుతారు గానీ, మూడేళ్ళ తర్వాత ఆ నంబరుకు చేస్తే అక్కడ వేరే మనిషి ఉంటాడు. అతనికి ఈ పని జరిగిందనే తెలియదు.